క్రొత్త రైలుబండి పరీక్షలు

కర్నూలునుండి నంద్యాలకు పోవువారికి ఓర్వకల్లు అనగానే రాతిగుట్టలు, మెట్టపొలములు జ్ఞప్తికి వచ్చెడివి. ఇప్పుడు ఆ యూరి పేరు వినగానే విమానాశ్రయము కూడ గుర్తుకు వచ్చుచున్నది. ఆ విమానాశ్రయమునకు 2019 జనవరిలోనే ప్రారంభోత్సవము జరిగినది. కాని ప్రయాణికులతో అక్కడినుండి విమానములు ఎగురనారంభించినది 2021 మార్చి 28వ తేదీన. ఈ రెండు సంవత్సరములలో మిగిలిన పనులు పూర్తి కావలసివచ్చినది. 2000 మీటర్ల పరుగుబాట మొదలు అగ్నిమాపక సామగ్రి వరకు సమస్తమును తనిఖీకి నిలువవలసివచ్చినది. పౌర విమానయాన అధికారులు అనుమతిపత్రము ఇచ్చిన పిమ్మటనే ప్రయాణికులు లోనికి అడుగుపెట్టిరి.

కట్టుట పూర్తియగుట వేఱు. వాడుకకు తగియుండుట వేఱు. ఈ భేదము విమానముల విషయమున మనకు వెంటనే తోచును. ఆకాశమున ఎగురు వస్తువు గనుక భయము సహజము. రైలుబండి విషయమున అంతగా తోచదు. ఓర్వకల్లు మీదుగా రైలుమార్గము లేదు. అక్కడివారు కర్నూలుకో, నంద్యాలకో, డోనుకో పోయి బండి యెక్కవలయును. ప్లాటుఫారము మీదికి క్రొత్తరంగుల బండి వచ్చి నిలిచినపుడు, స్థలము దొరకునా యని చూతుము గాని, ఈ బండి మనకన్న ముందు ఎన్ని మైళ్ళు ఖాళీగా తిరిగినది, ఏ బరువులు మోసినది, ఎన్నిమార్లు పరుగున పోవుచు ఉన్నపళముగ ఆగినది అని ఆలోచింపము. ఆ సంగతులను కొంత వివరముగ చెప్పుటకే ఈ ప్రసంగము.

పరీక్ష యనునది మన యిండ్లకు క్రొత్త కాదు. సంతలో కుండను కొనునపుడు ఇల్లాలు దానిని వ్రేలి కణుపుతో కొట్టి చూచును. కంగుమన్నచో మంచికుండ, బొదబొదమన్నచో ఎక్కడనో నెఱ్ఱె యున్నదని అర్థము. నెఱ్ఱె కంటికి కనబడనక్కరలేదు. చెవికి వినబడిన చాలును. పూర్వము పెద్దస్టేషన్లలో బండి ఆగగానే ఒక ఉద్యోగి పొడుగుపిడి సుత్తి పట్టుకొని చక్రములను ఒక్కొక్కటిగా కొట్టుచు పోయెడివాడు. అతడు చేసినదియు కుండపరీక్షయే. నేడు ఇరుసుల లోపలికి చెవికి వినబడని ధ్వనితరంగములను పంపి, అవి ఎక్కడినుండి తిరిగివచ్చుచున్నవో పరికరముపై చూచి, లోహములో దాగిన పగులును కనిపెట్టుచున్నారు. సాధనము మాఱినది, సూత్రము మాత్రము మాఱలేదు.

రైలుపరీక్షలు ముఖ్యముగా రెండు విధములు. క్రొత్తరకపు బండిని మొట్టమొదట తయారుచేసినపుడు దాని రూపకల్పన సరియైనదా కాదా అని తేల్చు పరీక్షలు మొదటివి. ఇవి సుదీర్ఘమైనవి; అయితే ఆ రకమునకు ఒకసారి జరిపినచో చాలును. ఆ నమూనా ననుసరించి తరువాత తయారగు ప్రతి బండికిని, అది నమూనాకు సరిపోయినదా లేదా అని చూచు పరీక్షలు రెండవవి. ఇవి క్లుప్తమైనవి; కాని ఒక్క బండికిని తప్పవు. వంట క్రొత్తగా నేర్చినపుడు పాళ్ళు సరిచూచుకొనుట మొదటిది; పాళ్ళు తెలిసిన తరువాతకూడ ప్రతిదినము ఉప్పు చూచుట రెండవది.

మొదటి విధపు పరీక్షను సరిగా జరుపకున్న ఏమగునో మన దేశము కఠినముగా నేర్చుకొన్నది. 1920-30 మధ్యకాలమున భారతదేశపు రైల్వేలు ఎక్స్.బి. అను తరగతి ఆవిరి ఇంజన్లను విదేశములనుండి తెప్పించెను. చాలినన్ని పరీక్షలు జరుపకయే వీనిని పెద్దసంఖ్యలో కొనిరి. అవి వేగముగా పోవునపుడు ప్రక్కలకు ఊగి పట్టాలను వంచుచుండెడివి. 1937 జూలై 17వ తేదీన బీహారులోని బిహ్తా వద్ద అట్టి ఇంజను లాగుచున్న ఎక్స్‌ప్రెస్ బండి పట్టాలు తప్పి నూరుమందికి పైగా మరణించిరి. తరువాత కర్నల్ మౌంట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఆ ఇంజన్ల చరిత్రనంతను విచారించి 1939లో నివేదిక సమర్పించినది. ఆ సంఘము మఱియొక మాటకూడ చెప్పినది: రైళ్ళ భద్రతను తనిఖీ చేయు అధికారులు, రైళ్ళను నడుపు శాఖకు లోబడి యుండరాదు.

ఈ సూచన ననుసరించి 1941లో ఆ తనిఖీ అధికారులను రైల్వేశాఖనుండి విడదీసి, తపాలా, విమానశాఖకు అప్పగించిరి. నేటికిని రైల్వే భద్రతా కమీషను పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రిందనే పనిచేయుచున్నది. ఓర్వకల్లు విమానాశ్రయమునకు అనుమతినిచ్చిన శాఖయు, కర్నూలు స్టేషనులో మనమెక్కు క్రొత్తబండికి అనుమతినిచ్చు కమీషను గల శాఖయు ఒక్కటియే యనుట చాలమందికి వింతగా తోచవచ్చును. దీనిలోని న్యాయము సులభమైనది. పంట నమ్ముకొనువాడు, త్రాసు పట్టువాడు ఒక్కడే కారాదు. దక్షిణమధ్య రైల్వే ప్రాంతమునకు సంబంధించిన భద్రతా కమీషనరు కార్యాలయము సికింద్రాబాదులో ఉన్నది. క్రొత్త మార్గములకును ఈ తనిఖీ తప్పదు. 2016 ఆగస్టులో నంద్యాల - ఎఱ్ఱగుంట్ల మార్గమున బండ్లు నడువనారంభించుటకు ముందు ఆ మార్గముకూడ ఇట్టి పరిశీలనకు నిలిచినదే.

ఇక పరీక్షల క్రమమును చూతము. ఇది కర్మాగారములోనే మొదలగును. మన రాష్ట్రమున సత్యవేడు ప్రాంతములోని శ్రీసిటీలో ఆల్‌స్టమ్ సంస్థవారి కర్మాగారము కలదు. చెన్నై, కొచ్చి, లక్నో నగరముల మెట్రోరైళ్ళు అక్కడ తయారైనవి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున 2019లో నడువనారంభించిన, డ్రైవరు లేని మెట్రోరైళ్ళుకూడ అక్కడివే. కొచ్చి నగరపు మొదటి బండిని 2016 జనవరి 2వ తేదీన శ్రీసిటీలో అప్పగించిరి. ప్రయాణికులు దానిలో కూర్చున్నది 2017 జూన్ నెలలో. ఈ వ్యవధిలో మార్గనిర్మాణమును సాగినది, పరీక్షలును సాగినవి.

పెట్టెకు మొదటి పరీక్ష దాని దేహబలమునకు. ఎముకలగూడు వంటి ఖాళీ చట్రమును ఒక పెద్ద యంత్రములో నిలిపి రెండు కొనలనుండి అదుముదురు. దూరప్రయాణపు బండ్లకు కట్టు పెట్టెలు 2000 కిలోన్యూటన్ల ఒత్తిడిని ఓర్వవలెనని యూరోపు ప్రమాణము. అనగా సుమారు 200 టన్నుల బరువు మీద పడినట్లు. ఆ ఒత్తిడిని తీసివేసిన తరువాత పెట్టె తన పూర్వరూపమునకు రావలయును. శాశ్వతమైన వంపు మిగులరాదు. కంటికి తెలియని సాగుదలనుకూడ పట్టుటకు, చట్రమునందు అనేక స్థానములలో సన్నని తీగలు గల కొలతపట్టీలను అంటింతురు. లోహము సాగినచో తీగయు సాగును. తీగ సాగినచో దానిలో విద్యుత్ప్రవాహమునకు కలుగు అడ్డు మాఱును. ఆ మార్పునుబట్టి ఎక్కడ ఎంత శ్రమ పడినదో లెక్క కట్టుదురు.

పిదప పెట్టెపై నలుదిక్కులనుండి నీటిధారలను చిమ్ముదురు. వానలకై ఎదురుచూచు మన సీమవారికి ఈ పరీక్ష ఆశ్చర్యము గొలుపవచ్చును. కాని కర్నూలులో ఎక్కిన పెట్టెయే మఱునాడు మఱియొక ప్రాంతపు కుంభవృష్టిలో పోవచ్చును. కిటికీ అంచున చొచ్చిన నీటిచుక్క పడకను తడుపుటతో ఆగదు. గోడలోపలి విద్యుత్తీగలను చేరి కీడు చేయును.

తరువాత చక్రములు. మన పెద్దలైను పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. ఒక ఇరుసుకున్న రెండు చక్రముల లోపలిముఖముల నడుమ దూరము 1600 మిల్లీమీటర్లు ఉండవలయును. ఇందులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినను లెక్కలోనికి తీసికొందురు. పెట్టె బరువు అన్ని చక్రములపైని సమముగ పడుచున్నదా యని వేరువేరుగా తూచుదురు. బరువు తక్కువగా పడిన చక్రము వంపులో పట్టానెక్కి ప్రక్కకు జాఱు ప్రమాదము కలదు. ఎద్దులబండిలో బస్తాలు ఒకవైపు ఎక్కువ వేసినచో ఏమగునో ఎఱిగిన రైతునకు ఇది వేఱుగా చెప్పనక్కరలేదు.

బ్రేకుల పరీక్ష యన్నిటికంటె ముఖ్యమైనది. బండి పొడుగునను ఒక గొట్టములో చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాముల ఒత్తిడితో గాలి నిండియుండును. గాలి నిండినపుడు బ్రేకు పట్టుననియు, గాలి పోయినచో వదలుననియు అనేకులు తలంతురు. సత్యము దీనికి విరుద్ధము. గొట్టములో గాలి నిండియున్నంతవఱకు బ్రేకులు విడిచియుండును. గాలి తగ్గగానే పట్టుకొనును. ఇట్లు అమర్చుటలో గొప్ప వివేకమున్నది. గొట్టము పగిలినను, పెట్టెల లంకె తెగినను, ప్రయాణికుడు గొలుసు లాగినను, గాలి బయటికి పోవును. బండి తనంతట తానే ఆగును. ఏదేని లోపము కలిగినచో ఆ లోపమే బండిని నిలుపవలెనని దీని భావము. కర్మాగారమున గాలి ఎక్కడ జాఱుచున్నది, ఒత్తిడి తగ్గిన పిమ్మట ఎన్ని సెకండ్లకు ప్రతి పెట్టెయందును బ్రేకు పట్టుచున్నది అని గడియారముతో చూతురు.

విద్యుత్తుతో నడుచు బండికి మఱియొక పరీక్ష కలదు. రేడియో యున్న యింటివారికి దీనిని తేలికగా చెప్పవచ్చును. ప్రక్కపొలములో మోటారు వేయగానే మన రేడియోలో గరగర మని చప్పుడు వచ్చును గదా! రైలులోని పెద్దమోటార్లు అంతకన్న ఎన్నోరెట్లు బలమైన అలజడిని పుట్టించును. పట్టాలలో ప్రవహించు స్వల్పమైన విద్యుత్తునుబట్టియే అనేకచోట్ల సిగ్నళ్ళు బండి ఉనికిని తెలిసికొనును. క్రొత్తబండి పుట్టించు అలజడి ఆ ప్రవాహమును అనుకరించినచో, బండి యున్నచోట లేదని సిగ్నలు భ్రమపడవచ్చును. రేడియోలోని గరగర పాటను చెఱచును. సిగ్నలులోని గరగర ప్రాణములను తీయును. అందువలన ఈ అలజడిని కొలిచి, హద్దులోపలనే యున్నదని రుజువు చేయవలయును.

ఇంతవఱకు జరిగినది నిలుకడ పరీక్ష. ఇక బండి దారిపట్టును. దాని మొదటి ప్రయాణికులు ఇసుక మూటలు. 72 పడకల పెట్టెలో ఒక్కొక్కరిని సామానుతో కూడ 80 కిలోగ్రాములని అనుకొన్నచో మొత్తము 5,760 కిలోగ్రాములు. అనగా 50 కిలోల బస్తాలు రమారమి 115. జనరలు పెట్టెకు ఈ లెక్క చాలదు. పండుగనాడు, పనులకై కుటుంబములు వలసపోవు దినములలో, జనరలు పెట్టె యెట్లుండునో మన సీమలో తెలియనివారు లేరు. నడవలలో, తలుపులకడ, సామానుపలకలపైకూడ మనుష్యులుందురు. కావున బండిని ఖాళీగాను, నిండుగాను, క్రిక్కిఱిసిన బరువుతోను వేర్వేరుగా పరీక్షించుట న్యాయము. ఖాళీబండి ఒక విధముగా ఎగిరిపడును. నిండుబండి మఱియొక విధముగా ఊగును.

ఈ పరీక్షలను జరుపువారు లక్నోలోని రైల్వే పరిశోధన, రూపకల్పన, ప్రమాణముల సంస్థవారు. ఈ సంస్థ 1957లో ఏర్పడినది. పెట్టె నేలపైని, చక్రముల చట్రములపైని కుదుపును కొలుచు పరికరములను అమర్చి, వానిని కొలతల పెట్టెలోని యంత్రములకు కలుపుదురు. మొదట తక్కువ వేగముతో నడిపి, ఫలితములు సరియైన పిమ్మట వేగమును మెట్టుమెట్టుగా పెంచుదురు. ఏ వేగమునకు అనుమతి కోరుచున్నారో, దానికంటె సుమారు పదవవంతు ఎక్కువ వేగమువఱకు పోవుదురు. తిన్నని దారిపై ఒకసారి, వంపులలో ఒకసారి, స్టేషను ముంగిట పట్టాలు చీలుచోట ఒకసారి పరీక్షింతురు. గాలితో నిండిన స్ప్రింగులలో గాలి తీసివేసికూడ నడిపి చూతురు. దారిలో అవి పాడైనను బండి క్షేమముగా చేరవలయును గదా!

కుదుపునకు ఒక లెక్క కలదు. స్పెర్లింగ్ అను జర్మను శాస్త్రజ్ఞుని పేర ప్రసిద్ధమైన కొలత ననుసరించి 1 అనిన మిక్కిలి సుఖము, 5 అనిన అపాయము. మన దేశమున ప్రయాణికుల పెట్టెకు ఈ సంఖ్య 3.5 దాటరాదు, 3.25 లోపల నున్న మఱింత మేలు. ఈ కొలతలో కుదుపు పరిమాణముతోపాటు, సెకండునకు ఎన్నిమార్లు కుదుపు వచ్చుచున్నదనుటయు చేరియుండును. మనుష్యదేహము అన్ని కుదుపులను సమముగ ఓర్వదు. ఉయ్యాల ఊపు నిదుర పుచ్చును. అంతకన్న చిన్నదైనను, వడివడిగా వచ్చు అదురు కడుపులో త్రిప్పును.

2018 డిసెంబరులో పెరంబూరు కర్మాగారమున తయారైన క్రొత్తబండి, తరువాత వందే భారత్ అను పేరు పొందినది, రాజస్థానములోని కోట, సవాయి మాధోపూరు నడుమ పరీక్షలో గంటకు 180 కిలోమీటర్లు దాటినది. దాని విద్యుచ్చాలక సామగ్రి హైదరాబాదులోని మేధా సంస్థవారిది. 2019 ఫిబ్రవరిలో ఆ బండి ప్రయాణికులతో నడువనారంభించినది. 2025 జనవరిలో అదే కోట ప్రాంతమున పడకల వందే భారత్ బండిని అదే వేగముతో పరీక్షించినపుడు, నిండు నీటిగ్లాసు తొణకక నిలిచిన దృశ్యమును దేశమంతయు చూచినది. చూచుటకది ముచ్చటయే. కాని గ్లాసు నిర్ణేత కాదు. ఒక నిమిషము తొణకని నీరు, మఱియొక వంపులో తొణకవచ్చును. మార్గమంతటను పరికరములు వ్రాసిన వేలకొలది అంకెలే నిర్ణేతలు.

వేగమునకంటె ఆగుటయే పెద్దపరీక్ష. వేగము రెండింతలైనచో ఆగు దూరము నాలుగింతలగును. 50 కిలోమీటర్ల వేగమున పోవుచు 200 మీటర్లలో ఆగు బండి, బ్రేకు బలము అంతయే యున్నచో, 100 కిలోమీటర్ల వేగమున 800 మీటర్లు, 150 కిలోమీటర్ల వేగమున 1800 మీటర్లు తీసికొనును. పట్టాలకు అడ్డముగా నడచువారు, దూరముగా నున్నదిలెమ్మని తలంచువారు, ఈ లెక్కను మఱువరాదు. పరీక్షలో అధికవేగమున అత్యవసరపు బ్రేకు వేసి, బండి ఆగినచోటును కొలుతురు. పట్టాలను తడిపికూడ చూతురు. సిగ్నలు ఎంతదూరమునుండి కనబడవలెననునది ఈ కొలతలపైననే ఆధారపడియున్నది.

ఇన్ని పరీక్షలు జరిగినను ప్రమాదములు జరుగుచునే యున్నవి గదా యని అడుగవచ్చును. అడుగవలసినదే. మన సీమలోనే రెండు దుర్ఘటనలు జరిగినవి. 2012 మే 22వ తేదీ తెల్లవాఱుజామున పెనుకొండ వద్ద హంపీ ఎక్స్‌ప్రెస్ నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనగా ఇరువదిమందికి పైగా మరణించిరి. 2013 డిసెంబరు 28వ తేదీ తెల్లవాఱకముందే కొత్తచెరువు వద్ద బెంగుళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లోని శీతలపెట్టెకు నిప్పంటుకొని 26 మంది మరణించిరి. పెట్టె ఎంత సుఖముగా నడచినను, పరదాలు, పఱుపులు, గోడపలకలు వేగముగా అంటుకొనునవైనచో ఆ సుఖమెందులకు? అందువలన లోపలి సామగ్రికి అగ్నిపరీక్ష వేఱుగా కావలయును: ఎంతసేపటికి అంటుకొనును, ఎంత పొగ వచ్చును, ఆ పొగలో విషమెంత? పొగను పసికట్టి హెచ్చరించు పరికరములుకూడ పరీక్షకు నిలువవలయును.

రెండు బండ్లు ఢీకొనకుండ ఆపు కవచ్ అను ఏర్పాటునకు మన తెలుగునేలయే పరీక్షాస్థలమైనది. డ్రైవరు ఆపుసిగ్నలును గమనింపకున్నను, ఈ ఏర్పాటు తానే బ్రేకు వేయును. దీనిని దక్షిణమధ్య రైల్వేలో లింగంపల్లి - వికారాబాదు మార్గమున ఏండ్లతరబడి పరీక్షించిరి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ - చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టాపై రెండింటిని ఎదురెదురుగా నడిపిరి. ఒకదానిలో రైల్వేమంత్రి, రెండవదానిలో రైల్వేబోర్డు అధ్యక్షుడు ఉండిరి. డ్రైవరు చేయి బ్రేకుపై పడకయే, 380 మీటర్ల దూరముండగా ఇంజను ఆగిపోయినది. ఇట్టి ఏర్పాటు బండ్లన్నిటికిని, మార్గములన్నిటికిని వ్యాపించినపుడే పెనుకొండ వంటి దుర్ఘటనలనుండి మనము నేర్చుకొన్నట్లగును.

పరీక్షలకును ఒక హద్దు కలదు. పరీక్ష బండి పుట్టుకనాటి ఆరోగ్యమును చెప్పును గాని, పది సంవత్సరముల తరువాతి ఆరోగ్యమును చెప్పదు. అరిగిన చక్రము, తుప్పుపట్టిన మర, సడలిన తీగ దినదినపు తనిఖీలోనే దొరకును. పరీక్షలో నెగ్గిన బండిని నిర్లక్ష్యముగా నడుపుట, చదువుకొన్న బిడ్డకు అన్నము పెట్టకుండుట వంటిది.

క్రొత్తబండి తయారైనదని పత్రికలలో చదివి, నెలలు గడచినను అది రాకున్నచో మనకు విసుగు పుట్టుట సహజము. తొందరపెట్టువారికి కారణములును ఉండును. కాని బిహ్తాలో తొందర ఖరీదును ప్రయాణికులు చెల్లించిరి. దాని తరువాత ఏర్పడిన నియమము మనకు చెప్పునదొక్కటియే: తప్పు బయటపడక తప్పనిచో, పెట్టెలో ఇసుక మూటలున్ననాడే బయటపడవలయును. ఇసుక మూటకు ఇంటికడ ఎదురుచూచువారు లేరు. ఓర్వకల్లునుండి తెల్లవాఱుజామున బయలుదేఱి కర్నూలు స్టేషనులో నిలుచున్న తల్లికి, ఆమె చేయి పట్టుకొన్న బిడ్డకు, ఉన్నారు.